ఒడ్డునే నిలబడి తియ్యి

అమ్మలూ,

ఎలా ఉన్నావు? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. జలపాతాల ఫొటోలకి కెమెరాకి ఏ ఫిల్టర్లు కొనాలని అడిగావు కదా, ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. అన్నట్టు, నువ్వు బండ మీద జారి మోకాలికి దెబ్బ తగిలించుకున్నావని చిన్నత్త అంది. ఆవిడ గోరంత విని కొండంత చెబుతుందని మీ నాన్న కొట్టిపారేశారు. నేనూ నమ్మలేదులే. కాకపోతే అప్పటి నుంచీ నువ్వు ఫోన్ ఎత్తడం లేదు.

సరే, ఫిల్టర్ల సంగతి. ఎన్‌డీ అంటే వెలుగును తగ్గించే నల్లటి అద్దం, అది పెడితే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచొచ్చు. ఒక్కో స్టాప్‌కీ వెలుగు సగానికి సగం తగ్గుతుంది. అందరూ ముందు 10 స్టాప్‌ల ఎన్‌డీ కొనేస్తారు, పెట్టె మీద ఎన్‌డీ1000 అని ఉంటుంది. నువ్వు దాని జోలికి పోకు. నీళ్ళు మెత్తగా జారుతున్నట్టు రావాలంటే పావు సెకను నుంచి ఒక సెకను దాకా షట్టర్ తెరిచి ఉంటే చాలు. ధారలు గీతలు గీతలుగా నిలుస్తాయి. మరీ సాగదీస్తే ఆ గీతలన్నీ కలిసిపోయి తెల్లటి గుడ్డ ఆరేసినట్టుంటుంది. నీడలో ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్8 (లెన్స్ రంధ్రం కొలత) దగ్గర షట్టర్ 1/30 సెకను వస్తోందనుకో, ఎన్‌డీ1000 పెడితే అది 30 సెకన్లు దాటుతుంది. అంతసేపట్లో గాలికి ఊగే ఆకులు కూడా అలికేసినట్టవుతాయి.

మొదట కొనాల్సింది సర్క్యులర్ పోలరైజర్. తడి బండల మీద, ఆకుల మీద తెల్లగా మెరిసే వెలుగును అది తీసేస్తుంది. ఆ పని తర్వాత కంప్యూటర్‌లో కూర్చుని చెయ్యలేవు. బిగించాక మెల్లగా తిప్పుతూ చూడు, ఒకచోటికి వచ్చేసరికి బండ నల్లబడి నాచు పచ్చగా పైకి తేలుతుంది. అక్కడ ఆపు. తుంపరలో ఇంద్రధనుస్సు ఉంటే మాత్రం జాగ్రత్తగా తిప్పాలి, ఒక కోణంలో అది దాదాపు మాయమైపోతుంది. ఎలాగూ పోలరైజర్ ఒకటిన్నర, రెండు స్టాప్‌ల వెలుగు తినేస్తుంది కాబట్టి దట్టమైన చెట్ల కింద వేరే ఎన్‌డీ లేకపోయినా గడుస్తుంది. నాచు అంటే గుర్తొచ్చింది, ఆ మెరుపు చాటున నాచు ఎక్కడుందో మన కంటికి కనబడదమ్మా. కాలు జారేది అక్కడే.

పోలరైజర్ తర్వాత 3 స్టాప్‌ల ఎన్‌డీ8, 6 స్టాప్‌ల ఎన్‌డీ64 తీసుకో. నీడలో ఆ 1/30 పోలరైజర్‌తో 1/8 అవుతుంది, దాని మీద ఎన్‌డీ8 పెడితే సరిగ్గా ఒక సెకను. ఇంకాస్త వెలుగుంటే ఎన్‌డీ64. ఎండ నేరుగా పడుతుంటే ఏ ఫిల్టరూ కాపాడదు, ఫొటోలో నీళ్ళు వివరమేమీ లేకుండా ఒట్టి తెలుపైపోతాయి. మబ్బు పట్టేదాకా ఆగు. ఫిల్టర్ ఎందుకు, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్22 దాకా మూసేస్తే పోదా అంటావేమో, అంత మూస్తే బొమ్మలో పదును పోతుంది.

మీ మావయ్య ఏం చేశాడో నీకు పూర్తిగా తెలీదు. లెన్స్‌కి రక్షణగా ఎప్పుడూ ఉంచే యూవీ ఫిల్టర్ తియ్యకుండా దాని మీద పోలరైజర్, ఆపైన ఎన్‌డీ1000 బిగించి, ఏటి మధ్య బండ మీదికి వెళ్ళి ట్రైపాడ్ కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. అంత నల్లటి అద్దంలోంచి ఫోకస్ దొరకలేదు. ముందే ఫోకస్ పెట్టుకుని, మాన్యువల్‌కి మార్చి, ఆ తర్వాత ఫిల్టర్ పెట్టుకోవాలి కదా. విప్పుదామంటే మూడూ పట్టేశాయి. తల వంచుకుని దానితో కుస్తీ పడుతున్నాడు, నేను ఒడ్డున ఉన్నాను. నీళ్ళు రంగు మారుతున్నాయి. పైన ఎక్కడో వాన పడినట్టుంది, తేటగా ఉన్నవి ఎర్రబారి పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నాయి. ఆ హోరులో నా కేక వాడికి వినిపించదు. చివరికి చున్నీ ఊపితే తలెత్తి చూశాడు. వాడు కెమెరాతో ఒడ్డెక్కాడు, ట్రైపాడ్ పోయింది. ఫిల్టర్లు ఇంటికొచ్చాక రబ్బరు బ్యాండ్ చుట్టి తిప్పితే వచ్చాయి. ఫొటోలు ఒక్కటీ పనికిరాలేదు, ప్రవాహానికి ట్రైపాడ్ వణికి అన్నీ మసకబారిపోయాయి. అమ్మమ్మకి ఇప్పటికీ ఈ సంగతి తెలీదు, నోరు జారకు.

నీకు పాఠాలు చెప్పాలని కాదు. కానీ నీళ్ళలోకి దిగకుండానే ఆ ఫొటో వస్తుంది, అదీ నా మాట. వైడ్ లెన్స్ పెడితే దగ్గరికి పోవాలనిపిస్తుంది. నీ 70-200 జూమ్ లెన్స్ తీసుకుని ఒడ్డునుంచే ఒక ముక్కని పట్టుకో. లెన్స్ పొడుగైతే ఫ్రేములో నీళ్ళు వేగంగా కదులుతాయి, తక్కువ సెకన్లకే మెత్తగా వస్తాయి. ఫిల్టర్ మీద తుంపరా పడదు. అయినా పొడి గుడ్డలు రెండు మూడు ఉంచుకో, ఒకటి తడిశాక దానితో తుడిస్తే మరకలే. నీళ్ళ రంగు మారితే సామాను సర్దుకోకుండా ముందు నువ్వు పైకెక్కు. ఒంటరిగా వెళ్ళకు. మోకాలు వాచి ఉంటే అసలే వెళ్ళకు, డాక్టరుకి చూపించు.

ప్రతి లెన్స్‌కీ ఒక ఫిల్టర్ కొననక్కర్లేదు. అన్నిటికన్నా పెద్ద లెన్స్ కొలతకి తీసుకుంటే మిగతావాటికి స్టెప్-అప్ రింగులు, అంటే చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ బిగించే చుట్లు, సరిపోతాయి. నా పోలరైజర్ 77 మిల్లీమీటర్లది, గీత కూడా పడలేదు, అది నీకే పంపుతాను. నీ లెన్సుల ముందు అంచు మీద, అడ్డగీత కొట్టిన సున్నా పక్కన ఒక అంకె ఉంటుంది. 67 కావచ్చు, 72 కావచ్చు. రెండు లెన్సులవీ చూసి చెప్పు, రింగులు కూడా కలిపి పంపుతాను. మెసేజ్ పెట్టకు, ఫోన్ చేసి చెప్పు.

మీ అమ్మ