రాత్రిపూట ఏసీ ఆపకండి: సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంచాలకులు గారికి,

నేను మీ భాండాగారంలో తాళపత్రాలు బాగుచేసే కెమిస్టుని. బిల్లు తగ్గాలని సాయంత్రం 5 గంటలకే ఏసీ కట్టేయమన్నారు. ఆకు రాత్రి చెమ్మ పీల్చుకుని సాగుతోంది, పగలు ఆరి ముడుచుకుంటోంది. నిన్న ఒక కట్ట విప్పితే, దారం కన్నం దగ్గర ఆకు అప్పడంలా విరిగింది. గంటంతో గీసిన అక్షరంలో మసి పోతే మళ్లీ పట్టించొచ్చు. నిమ్మగడ్డి నూనె రాస్తే ఆకు కాస్త మెత్తబడుతుంది. పొడైపోయిన అక్షరాన్ని మాత్రం ఏ రసాయనమూ తేలేదు.

19వ శతాబ్దంలో బ్రౌన్ దొర సొంత డబ్బు పెట్టి ఇలాంటి తాళపత్రాలకు ప్రతులు రాయించాడు (అప్పులపాలయ్యాడు కూడా లెండి). నేనడిగేది కరెంటు బిల్లే. ఏసీని రాత్రిళ్లూ నడవనివ్వండి, లేదంటే పూర్తిగా ఆపేయించండి. ఈ ఊగిసలాటే ఎక్కువ చేటు. తేమ రీడింగులు మీ టేబుల్ మీదే ఉన్నాయి.

ఇట్లు,
మీ ల్యాబు ఉద్యోగి