పేరు చెప్పని ఆ అమ్మగారికి కృతజ్ఞతలు

ఇంగ్లండులోని ఒక చర్చి ఆవరణలో పూడ్చిన మా పెదనాన్నగారి చితాభస్మాన్ని కావలిలో పెద్దమ్మ సమాధిలోకి తేవాలనుకున్నప్పుడు, ప్రతిష్ఠిత భూమి నుంచి దానిని వెలికితీయాలంటే ఆంగ్లికన్ డయోసిస్ (బిషప్ పరిధిలోని ప్రాంతం) న్యాయస్థానం ఇచ్చే 'ఫ్యాకల్టీ' అనే అనుమతి తప్పనిసరి అని తెలిసి దిక్కుతోచలేదు. ఖననం శాశ్వతమన్నది వారి సూత్రం. ఇలా వెలికితీయడంపై అక్కడి చర్చి న్యాయస్థానం 2002లో ఇచ్చిన బ్లాగ్డన్ తీర్పు ప్రకారం ప్రత్యేక కారణం ఉంటేనే మినహాయింపు లభిస్తుంది, కుటుంబ సమాధి అన్నది అందుకు తోడ్పడే అంశం. అక్కడి చర్చిలో సేవచేసే మీరు ఈ సంగతులన్నీ ఓపికగా వివరించి, పెద్దమ్మ పేరు కింద రాతిపై ఖాళీగా వదిలిన చోటు ఫోటోను, మా పాస్టరుగారి అంగీకార పత్రాన్ని దరఖాస్తుకు జతచేయించారు. నియమం కఠినమైనదే అయినా, మృతులపట్ల గౌరవమే దానికి మూలమని మీ వల్లనే గ్రహించాము. అనుమతి లభించింది, ఇద్దరూ ఇప్పుడు ఒకేచోట ఉన్నారు. మా కుటుంబమంతా మీకు రుణపడి ఉంటుందమ్మా.