తల దెబ్బకు కొత్త పరీక్ష సరే, రాత్రిపూట సోడియం ఎవరు చూస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

పదిరోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో, తలకు దెబ్బ తగిలితే ఒక్క రక్తపరీక్షతో అంతా తెలిసిపోతుందని వేశారు. చదివిన రోజే రాద్దామనుకుని, కోపంలో ఎందుకులే అని ఆగాను. కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. నేను 31 ఏళ్లు ప్రభుత్వాసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను.

ఆ పరీక్ష ఉన్న మాట నిజమే. మెదడు కణాలు దెబ్బతింటే జీఎఫ్‌ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే రెండు ప్రోటీన్లు రక్తంలోకి వస్తాయి. వాటిని కొలిచే పరీక్షకు 2018లో అమెరికాలో అనుమతిచ్చారు. అది కూడా స్వల్పంగా దెబ్బ తగిలిన పెద్దవాళ్లకు, 12 గంటల లోపు, సీటీ స్కాన్ కావాలా వద్దా అని తేల్చుకోవడానికి మాత్రమే. మీ విలేకరి ఆ ముక్క వదిలేశారు. రాజోలు నుంచి యానాం దాకా నాకు తెలిసిన ఏ ల్యాబులోనూ ఆ పరీక్ష లేదు. లేనిదాని గురించి అరపేజీ రాశారు. రూపాయి రూపాయి కూడబెట్టుకున్నవాడికి కూడా అందాల్సిన మామూలు సోడియం పరీక్ష (రక్తంలో ఉప్పు ఎంతుందో చూసేది) గురించి ఒక్క వాక్యం లేదు.

మా చెల్లెలి కొడుకు రొయ్యల చెరువు లీజుకు చేస్తాడు. శ్రావణంలో ఒక రాత్రి చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయని ఫోనొస్తే బండేసుకుని కాలవగట్టు మీద వెళ్తుంటే గేదె అడ్డొచ్చి పడ్డాడు. హెల్మెట్ అద్దానికి తగిలించి ఉంది. దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కాన్‌లో కొద్దిగా రక్తం కనపడింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. రక్తపరీక్షలు చేశారా అమ్మా అని సిస్టర్‌ని అడిగాను. "ల్యాబు అబ్బాయి పొద్దున్న ఎనిమిదింటికి వస్తాడండి. షుగర్ చూశాం కదండి" అంది. షుగర్ 210. వెంటనే కేసు షీటులో షుగర్ పేషెంటని రాసేశారు. తలకు గట్టి దెబ్బ తగిలితే జబ్బు లేనివాడికీ షుగర్ పెరగవచ్చు, ఇన్ఫెక్షన్ లేకపోయినా తెల్లకణాలు పెరగవచ్చు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష చూస్తే జబ్బుందో లేదో తేలిపోయేది. చూడలేదు. పొద్దున్న వచ్చిన ల్యాబు అబ్బాయి సెలైన్ ఎక్కుతున్న చేతికే సూది గుచ్చుతుంటే నేనే ఆపి, రెండో చేతికి తీయించాను. డ్రిప్ నీళ్లు కలిసిన శాంపిల్‌లో ఏ అంకె వస్తే దాన్ని నమ్మాలి? ఇది ట్రైనింగులో మొదటి వారం చెప్పే పాఠం. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరో, వినేవాళ్లు లేరో!

మూడో రోజు ఇంటికి పంపేశారు. ఐదో రోజు మధ్యాహ్నం వాడు అన్నం కలిపి, కంచంలో చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. తినరా అంటే తలెత్తి చూస్తాడు, మళ్లీ కంచంలోకి చూస్తాడు. నీరసమని అందరూ అన్నారు. వాడిది కొబ్బరితోటల ఊరు కాబట్టి ఇంటింటి నుంచీ బొండాలు వచ్చాయి. తాగించినకొద్దీ మగత ఎక్కువైంది. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. 108లో కాకినాడ తీసుకెళ్తే సోడియం 116 అన్నారు. ఉండాల్సింది 135 నుంచి 145.

దెబ్బతిన్న మెదడు కొందరిలో ఒంట్లో నీళ్లను బయటికి పోనివ్వదు, దాంతో సోడియం పలచబడిపోతుంది. కొందరిలో మూత్రంతోపాటు ఉప్పే పోతుంది. రెండింట్లోనూ రిపోర్టులో అంకె తక్కువే కనపడుతుంది. కానీ మొదటిదానికి నీళ్లు తగ్గించాలి, రెండోదానికి సెలైన్ ఎక్కించాలి. తారుమారైతే మనిషికి ముప్పు. అందుకే మూత్రంలో సోడియం కూడా చూస్తారు, తాగినదీ పోసినదీ కొలుస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ప్రేమతో పోసినవే వాడికి హాని చేశాయి. పోనీ సోడియం ఒక్కసారిగా పెంచేద్దామా అంటే అదీ ప్రమాదమే, 24 గంటల్లో 8, 10 పాయింట్లకు మించి పెంచకూడదు. మూడు రోజులు గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం.

సోడియం ఒక్కటే కాదు. మెదడుకు దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టే గుణమే దెబ్బతినవచ్చు. రాత్రి చిన్నగా ఉన్న రక్తస్రావం తెల్లారేసరికి పెద్దది కావచ్చు. ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష), ప్లేట్‌లెట్లు చూడాలి, అవసరమైతే మళ్లీ చూడాలి. గుండెకు ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్ బిళ్ల) వేసుకునే పెద్దాయన పడితే ఐఎన్‌ఆర్ మామూలుగానే వస్తుంది, ఆ మందు పనితనం అందులో కనపడదు. కాబట్టి మందుల చీటీ వెంట తీసుకెళ్లాలి. మీ పేజీలో రాయాల్సింది ఇదండీ.

కోనసీమ 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది. బోర్డులు మారాయి. 216 హైవే మీద రాత్రి పడ్డ చాలామందికి సోడియం చూపించుకోవడానికి ఇప్పటికీ కాకినాడో రాజమండ్రో దిక్కు. మెషీన్లు లేవని కాదు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే మెషీను ఉంటే పరీక్షకు వాడే రసాయనం, అదే రీఏజెంటు, ఉండేది కాదు, రీఏజెంటు వస్తే నైట్ డ్యూటీకి మనిషి ఉండేవాడు కాదు. సరుకు పంపమని ఇండెంటు పెట్టి పెట్టి కార్బన్ పేపర్లు అరిగాయి. మెషీను ప్రారంభించిన రోజు ఫొటో దిగిన అధికారులు ఆర్నెల్ల తర్వాత అది ఆన్ చేసి ఉందా అని ఒక్కరైనా వచ్చి చూశారా?

కేంద్రం 2025 మే నెలలో రోడ్డు ప్రమాద బాధితులకు నగదు లేకుండా లక్షన్నర దాకా వైద్యం ప్రకటించింది. మంచి పనే. కానీ అది ఏడు రోజులకే. సోడియం రెండో వారంలో పడిపోతే ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఆ పథకం ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో కాలవగట్టు మీద బతికేవాడికి ఎవరు చెప్పారు? జిల్లా వైద్యాధికారి గారు ఈ ఉత్తరం చదివితే రెండే రెండు పనులు చేయించమని వేడుకుంటున్నాను. హైవే పక్కనున్న ప్రభుత్వాసుపత్రుల్లో రాత్రంతా సోడియం, ఐఎన్‌ఆర్ చేసే మనిషిని పెట్టాలి. తల దెబ్బతో ఇంటికి వెళ్లే ప్రతి ఒక్కరి కాగితం మీద మళ్లీ ఏ తేదీన రక్తం ఇవ్వాలో తెలుగులో రాయాలి.

మా మేనల్లుడి డిశ్చార్జి కాగితం నా దగ్గరే ఉంది. మీ విలేకరి ఎప్పుడొచ్చినా చూపిస్తాను. మళ్లీ చేయించాల్సిన పరీక్షలు అని అచ్చేసిన గడిలో ఒక అడ్డగీత గీసి ఉంది.

ఇట్లు,
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
అమలాపురం.