అబ్లేషన్ తర్వాత ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇప్పించండి: ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుండె లయ తప్పే జబ్బుకి, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి, నేను అబ్లేషన్ అనే చికిత్స చేయించుకున్నాను. చేసిన డాక్టర్ల మీద ఫిర్యాదేమీ లేదు. ఇబ్బందంతా ఇంటికొచ్చాకే మొదలైంది.

చేసే ముందు బొమ్మ గీసి మరీ చెప్పారు. గజ్జల దగ్గర సిరలోంచి సన్నని గొట్టాలు గుండెలోకి పంపుతారు. ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరల మొదళ్ల చుట్టూ వేడితో కాలుస్తారు. లయ చెడగొట్టే సంకేతాలు ఎక్కువగా అక్కడే పుడతాయని 1998లో ఫ్రాన్సులోని బోర్డో వైద్యులు చూపించారట. ఆ తర్వాత కాలు మడవకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకోవాలి. నన్నడిగితే అసలు పని కంటే ఆ నడుం నొప్పే ఎక్కువ.

మర్నాడు డిశ్చార్జి. చేతిలో మందుల చీటీ పెట్టి, "ఏదైనా ఉంటే రండి" అన్నారు. ఏదైనా అంటే ఏమిటండీ?

తొమ్మిదో రాత్రి గుండె మళ్లీ దడదడలాడింది. చేయించుకున్నదంతా దండగైపోయిందని తెల్లారే దాకా మంచం మీద కూర్చునే ఉన్నాను. కాల్చిన చోట వాపు తగ్గేదాకా, మొదటి రెండు మూడు నెలల్లో లయ తప్పడం మామూలేనని, అంతమాత్రాన ఫెయిలైనట్టు కాదని చెకప్‌కి వెళ్లాక తెలిసింది. ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి. గజ్జల్లో కమిలిన నలుపు తొడ మీదకి దిగినప్పుడూ ఇదే టెన్షన్. నలుపు దానంతటదే పోతుంది. గడ్డలా ఉబ్బుతున్నా, రక్తం కారుతున్నా మాత్రం వెంటనే పరుగెత్తాలి.

వార్డులో నా పక్క మంచం ఆయన, ఒంట్లో బాగానే ఉంది కదా అని రక్తం పలచబరిచే మాత్రలు ఆపేశాడు. గుండె సరిగా కొట్టుకుంటున్నా ఆ మాత్రలు కనీసం రెండు మూడు నెలలు వాడాలి. లేకపోతే గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరి పక్షవాతం రావచ్చు. ఆయనకేమీ కాలేదు. అదృష్టం.

ఇంకోటి చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. గుండె వెనకే అన్నవాహిక ఉంటుంది. ఆ వేడికి అది దెబ్బతింటే, కొన్ని వారాల తర్వాత రెండిటి మధ్యా రంధ్రం పడవచ్చు. జ్వరం, మింగితే నొప్పి, ఛాతీ నొప్పి దాని గుర్తులు. అప్పటికి అబ్లేషన్ సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఏ డాక్టరైనా మామూలు జ్వరమే అనుకుంటారు. మింగలేకపోతున్నాడని నోట్లోంచి గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ చేస్తే, అందులో ఊదే గాలి ఆ రంధ్రంలోంచి రక్తంలోకి పోయి ప్రాణమే పోవచ్చు. ముందు సీటీ స్కాన్ తీయాలి. ఇది రోగి నోటితో చెబితే ఎవరూ వినరు, ఆసుపత్రి కాగితం చూపిస్తే వింటారు.

అందుకే అడుగుతున్నాను. అబ్లేషన్ చేసే ప్రతి ఆసుపత్రీ రోగికి అర్థమయ్యే భాషలో ఒక్క పేజీ ఇవ్వాలని ఆదేశించండి. ఏది మామూలో, దేనికి పరుగెత్తాలో అందులో ఉండాలి. రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు ఒకటి కింద ఉండాలి. ఆ పేజీ రాసేటప్పుడు మాలాంటి నలుగుర్ని పిలవండి. ఏ రాత్రి ఏం తెలియక భయపడ్డామో మేం చెబుతాం.

ఇట్లు,
ఒక గుండె రోగి