నిక్కరు దగ్గరే మొదటి పాఠం

సంపాదకులకు,

వికలాంగుల హక్కుల చట్టం–2016 ఉచిత విద్యకు హామీ ఇచ్చేది 6 ఏళ్ల నుంచి. అంతకుముందు ఇల్లే బడి. థెరపీ కోసం అనంతపురం బస్సెక్కే అమ్మానాన్నలకు ఒక మాట: నిక్కరు తొడగడం చివరి నుంచి నేర్పండి. తుంటి దాకా మీరే లాగి, చివరి నాలుగు వేళ్ల ఎత్తు మాత్రం పిల్లవాడితో లాగించండి. అది వచ్చాక మోకాళ్ల నుంచి, ఆపైన పాదాల నుంచి. ఎలాస్టిక్ వదులుగా ఉండాలి. బిగుతైతే వేళ్లు జారి విసుగొస్తుంది. తూలే పిల్లల్ని గోడకు ఆనించండి.

కావాల్సింది అడగడం నేర్పాలంటే బొరుగులు గిన్నె నిండా పొయ్యొద్దు. కొన్నే వేసి, మనసులో పది లెక్కపెట్టండి. చూపో, చాపిన చెయ్యో, చిన్న శబ్దమో, ఏదొచ్చినా వెంటనే ఇంకొన్ని వెయ్యండి. రెండు అంకెలకే తొందరపడి వేసేస్తే ఇక వాడు అడగాల్సిన పనేముంది? మింగడం కష్టమైన పిల్లలకు మాత్రం బొరుగులు వద్దు, వాళ్లు మింగగలిగే మెత్తటి తిండే పెట్టండి.

– ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులు, అనంతపురం