సభ్యులకు వార్షిక నివేదిక – 2025

అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది ఈసారి ఆదివారమే పడటంతో హాలు చాలనంత మంది వచ్చారు. దీపావళి, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా పంపుతున్నారు. ఇక ఈ ఏడాది కార్యవర్గంలో అన్నిటికన్నా ఎక్కువ వాదన నడిచింది స్కూళ్లు ఎప్పుడు తెరవాలన్న చట్టం మీదే కాబట్టి, దాని సంగతే కొంచెం వివరంగా రాస్తున్నాం.

జార్జియా నుంచో టెక్సస్ నుంచో కొత్తగా వచ్చినవాళ్ల కోసం: మన నార్త్ కరోలినాలో 2004 నుంచి ఒక చట్టం ఉంది. ఇప్పుడున్న రూపంలో దాని ప్రకారం, మామూలు క్యాలెండర్ నడిచే ప్రభుత్వ బడులు ఆగస్టు 26కి దగ్గరి సోమవారం కంటే ముందు తెరవకూడదు, జూన్ 11కి దగ్గరి శుక్రవారం దాటి నడవకూడదు. ప్రభుత్వ నిధులతోనే విడి యాజమాన్యంలో నడిచే చార్టర్ స్కూళ్లకు, పెద్ద వేసవి సెలవు లేకుండా ఏడాది పొడవునా నడిచే ఇయర్ రౌండ్ స్కూళ్లకు ఈ పట్టింపు లేదు. వేసవి వ్యాపారం దెబ్బతింటుందని బీచ్‌ల వైపు పర్యాటక వ్యాపారులు, పిల్లలకు వేసవి మిగలడం లేదని కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టి తెచ్చుకున్న చట్టమిది. దీన్ని సడలించాలంటూ బిల్లులు వస్తూనే ఉన్నాయి. ప్రతినిధుల సభలో గట్టెక్కినవి సెనేట్‌లో ఆగిపోతున్నాయి. పక్కనున్న వర్జీనియా మాత్రం 1986 నాటి తన చట్టాన్ని 2019లో సడలించుకుంది.

హైస్కూల్ పిల్లలున్న ఇళ్లకు దీని సెగ బాగా తెలుసు. ఆగస్టు చివర్లో మొదలైతే మొదటి సెమిస్టర్ డిసెంబరులోపు పూర్తికాదు. సెలవులన్నీ అయ్యాక జనవరిలో పరీక్షలు. అందుకే సంక్రాంతి ముగ్గుల పోటీకి పెద్ద పిల్లలు ఒక్కరూ కనిపించలేదు. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చదివేవాళ్లు రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలేమో దేశమంతటా ఒకేసారి, మే నెలలో. ఆగస్టు మొదట్లోనే క్లాసులు మొదలైన జార్జియా పిల్లలతో పోలిస్తే మనవాళ్లకు చదువుకునే వారాలు తగ్గుతాయి. ఆ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు.

మరోవైపు, ఆ తేదీ కదిలితే ఇండియా ప్రయాణం కుదించుకోవాల్సి వస్తుందని చాలామంది గట్టిగా చెప్పారు. అసలు మన పిల్లలు జూన్ రెండో వారంలో విమానం దిగేసరికి అక్కడి బావలు, వదినలు బ్యాగులు తగిలించుకుని బడికి బయల్దేరుతుంటారు. ఇక్కడి తేదీ ముందుకు జరిగినా వెనక్కి జరిగినా ఈ బాధ తీరదని ఒక అమ్మమ్మగారు సమావేశంలో అన్నారు. నిజమే.

సంఘం తరఫున శాసనసభ్యులకు ఉత్తరం రాయాలన్న ప్రతిపాదన వచ్చింది. మనలాంటి పన్ను మినహాయింపు సంఘాలు అభ్యర్థుల తరఫున ప్రచారం చేయకూడదు గానీ, బిల్లుల మీద పరిమితంగా అభిప్రాయం చెప్పొచ్చు. సభ్యులు రెండుగా చీలిపోవడంతో సంఘం పేరుతో రాయకూడదని తీర్మానించాం. దానికి బదులు, తమ ప్రతినిధి ఎవరో తెలుసుకుని ఎవరికి వారే ఉత్తరం రాసుకునేలా ఒక శనివారం సాయంత్రం సాయం చేశాం. అటువైపు, ఇటువైపు రాసినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగారు.

ఇక వినాయక చవితి. స్కూళ్లు ఆగస్టు 25న తెరిచారు, చవితి 27న, బుధవారం. సామూహిక పూజను శనివారానికి మారిస్తే అది లేబర్ డే వారాంతం, సగం మంది ఊళ్లో లేరు. 2026లో చవితి సెప్టెంబరు 14న, సోమవారం. ముందు రోజు ఆదివారం మట్టి విగ్రహాల తయారీ పెట్టి, పూజ సోమవారం సాయంత్రమే చేద్దామని అనుకుంటున్నాం.

తెలుగు బడి తరగతులకు ఇయర్ రౌండ్ పిల్లలతో చిక్కొచ్చింది. ఆ బడుల్లో పిల్లల్ని ట్రాక్‌లుగా విడగొట్టి ఒక్కో ట్రాక్‌కు ఒక్కోసారి సెలవులిస్తారు. అలా ట్రాక్ అవుట్ అయినప్పుడల్లా వాళ్లు ఊళ్లు వెళ్తారు, తిరిగొచ్చేసరికి గుణింతాల నుంచి మళ్లీ మొదలు. అన్నది ట్రాక్ 4, చెల్లిది మామూలు క్యాలెండర్ అయిన ఇళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వచ్చే ఏడాది పాఠాలను మూడేసి వారాల భాగాలుగా విడగొడుతున్నాం. అందుకే సభ్యత్వ రెన్యువల్ ఫారంలో పిల్లల స్కూలు క్యాలెండర్, ట్రాక్ నంబరు అడిగాం. ఆ గడి ఖాళీగా వదిలేయకండి.

– కార్యదర్శి