పుక్కిలించాక కాదు, ముందే అడగండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా బావగారు కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. చిన్నప్పటి కీళ్ళవాత జ్వరం గుండెకు పట్టి, నలభై దాటాక వాల్వ్ మార్పించాల్సి వచ్చింది. కిందటేడు శ్రావణంలో దవడపన్ను సలపరం పెడితే దగ్గరి పట్టణంలో ఒక పళ్ళ ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. బీపీ, షుగర్ ఉన్నాయా అని అడిగారు. లేవన్నాం, నిజమే మరి. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నానని ఆయనే చెబితే, "అయితే దూది కాస్త ఎక్కువసేపు కరిచిపెట్టుకోండి" అన్నారు. ఆ మాత్ర ఎందుకు వేసుకుంటున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. చిన్న మూతతో గులాబీరంగు మందు ఇచ్చి, నిమిషంసేపు పుక్కిలించమని, "ఇక ఇన్ఫెక్షన్ భయం లేదండీ" అని పన్ను పీకేశారు.

మూడో వారంలో సాయంత్రాలు చలిజ్వరం మొదలైంది. ఊళ్ళో టైఫాయిడ్ అనుకుని ఇంజెక్షన్లు పొడిపించాం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. చివరికి కాకినాడలో తేలింది, మార్చిన వాల్వ్ మీద సూక్ష్మజీవులు గూడు కట్టాయని. ఆరు వారాలు నరానికి సూదితోనే మంచం మీద ఉన్నారు.

ఆ పన్ను వల్లే ఇదంతా అని నేననను. చిగుళ్ళు పాడైన మనిషి పళ్ళు తోముకున్నా, గట్టిగా నమిలినా నోటి సూక్ష్మజీవులు కాసేపు రక్తంలోకి వెళ్తాయట. ఆరోగ్యవంతుల ఒంట్లో అవి త్వరలోనే చచ్చిపోతాయి, కృత్రిమ వాల్వ్ దొరికితే అక్కడే పాతుకుంటాయి. నా ఫిర్యాదల్లా "ఇక భయం లేదు" అన్న ఆ మాట మీదే.

ఆ గులాబీ మందు క్లోర్‌హెక్సిడిన్. మంచి మందే. పన్ను పీకేముందు పుక్కిలిస్తే రక్తంలోకి చేరే సూక్ష్మజీవులు కొంత తగ్గుతాయి, పూర్తిగా ఆగవు. పుక్కిలించిన నీళ్ళు చిగురు అడుగున లోతుగా ఉన్న గార దాకా పోవు కదా. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, గుండె ఇన్ఫెక్షన్ రాకుండా ఈ మందు ఇవ్వొద్దని 2008లోనే చెప్పింది. (ఇంటికిచ్చిన సీసా రెండు వారాలు వాడేసరికి బావగారి పళ్ళకు గోధుమరంగు మరకలు పడ్డాయి. పులస పులుసు కూడా చప్పగా ఉందన్నారు, అది వేరే బాధ.)

కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్ళకు, గుండె ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చినవాళ్ళకు, పుట్టుకతో వచ్చే కొన్ని గుండె లోపాలున్నవాళ్ళకు పన్ను పీకడానికి అరగంట నుంచి గంట ముందు ఒకే మోతాదు యాంటీబయాటిక్ ఇవ్వాలని అమెరికా గుండె సంఘం 2007 నుంచీ చెబుతోంది. పెద్దవాళ్ళకు మామూలుగా 2 గ్రాముల అమాక్సిసిలిన్, అది పడనివాళ్ళకు వేరే మందు. మిగతావాళ్ళలో దాదాపు అందరికీ ఈ జాగ్రత్త అక్కర్లేదు. కాబట్టి ప్రతి పంటినొప్పికీ మందుల షాపులో అమాక్సిసిలిన్ కొని మింగే మన అలవాటుకు నా ఉత్తరాన్ని సాక్ష్యంగా వాడుకోవద్దు.

ఎవరికి కావాలో తెలియాలంటే అడగాలి. "గుండె ఆపరేషన్ ఏమైనా అయిందా?" అన్న ప్రశ్న ప్రతి పళ్ళ ఆసుపత్రిలో, మా లంకల్లో పెట్టే ఉచిత దంత శిబిరాల్లో కూడా చీటీ రాసేచోటే అడగాలి. మనవాళ్ళు అడగందే చెప్పరు. పంటికీ గుండెకీ సంబంధమేమిటనుకుంటారు, మేమూ అలాగే అనుకున్నాం. ప్రభుత్వ పథకం కింద వాల్వ్ మార్చే ఆసుపత్రులు ఇంటికి పంపేటప్పుడు ఆధార్ కార్డంత చీటీ ఒకటి తెలుగులో ఇచ్చినా చాలు: ఏ వాల్వ్ వేశారు, పన్ను ముట్టుకునే ముందు ఏం చెయ్యాలి, జ్వరం వస్తే యాంటీబయాటిక్ మొదలెట్టకముందే రక్తం కల్చర్‌కు (అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు) పంపాలని. మా విషయంలో ముందే పొడిపించిన ఇంజెక్షన్ల వల్ల మొదటి పరీక్షలో ఏ క్రిమో దొరకలేదు.

బావగారికి ఇప్పుడు ఇంకో పన్ను కదులుతోంది. వాల్వ్ మార్చిన డాక్టరుగారితో చీటీ రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. వచ్చే సోమవారం వెళ్తున్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజోలు, కోనసీమ